లెక్కల పీరియడు ఎవరిది

రిటైరవడానికి రెండేళ్ల ముందు, జూన్‌లో, టెక్కలి ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్లాను. ఆ ఏడాదే ఎనిమిదో తరగతికి ‘ప్రతిభా తరగతి’ పెట్టమని ఉత్తర్వు వచ్చింది. అంటే, పరీక్ష పెట్టి ముప్పై మందిని ఏరి, స్కాలర్‌షిప్ పరీక్ష కోసం విడిగా లెక్కలు చెప్పాలి. వరసగా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేసి, జాబితాలో తర్వాతివారిని తీసుకోవాలి.

పరీక్ష దగ్గరుండి రాయించాను. ఎవరి సిఫారసూ విననందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. సముద్రపు ఒడ్డునున్న భావనపాడు నుంచి వచ్చే పోలమ్మ మొదటిది, ఉద్దానం నుంచి వచ్చే ఈశ్వరి రెండోది.

క్లాసు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు పెట్టాను. రెండో రోజే ఈశ్వరి తండ్రి వచ్చాడు. “ఆకరి బస్సు ఐదుకే ఎలిపోద్ది బాబూ. ఆడపిల్ల ఇంటికెలాగొత్తాది?” అన్నాడు. సబబే అనిపించింది. పొద్దున తొలి బస్సు ఉంది కనుక క్లాసు ఏడున్నరకు మార్చాను. ఈశ్వరి రావడం మొదలుపెట్టింది. పోలమ్మ మానేసింది.

రెండు రోజులు చూశాను. మొదటి పేరు కొట్టేయడానికి చెయ్యి రాక, మూడో రోజు పొద్దున్నే భావనపాడు వెళ్లాను. ఒడ్డున తల్లి చేపలు వేరుచేస్తోంది, పక్కన పోలమ్మ.

“సందేళైతే అంపేం గదా మాస్టారూ. పొద్దున్న పడవలొచ్చీ యేళకి నాకు దీని సెయ్యే సాయం. ఎవులి కోసం మార్సినారు?” అని తల్లి అడిగింది.

తిరిగొచ్చి క్లాసును బడివేళలోకే తెచ్చాను. మాకు లెక్కల టీచరు ఒక్కరే. ఎనిమిదో తరగతికంతా ఆవిడ లెక్కలు చెప్పే చివరి పీరియడు ఆ ముప్పై మందికే ఇచ్చి, మిగతావాళ్లను ఆటలకు పంపాను. ఇద్దరు పిల్లలూ వచ్చారు. హమ్మయ్య అనుకున్నాను.

వారం తిరక్కుండా, ఎంపిక కాని పిల్ల ఒకతి లెక్కల పుస్తకంతో నా గది గుమ్మంలో నిలబడింది. పరీక్షలో ఆ పిల్లకు వచ్చినవి నాలుగు మార్కులు.

“లెక్కలు రానిది నాకు గదా సార్. టీచర్ని ఆల కాడికి అంపేసినారేటి?” అంది.

ఉత్తర్వులో దీనికి ఏ నిబంధనా లేదు.

ఏడాదంతా అలాగే నడిపాను. పోలమ్మకు స్కాలర్‌షిప్ వచ్చింది, ఈశ్వరికి రాలేదు. నేను చేసింది న్యాయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను. జాబితా వేసేముందు బస్సుల వేళ, పడవల వేళ కనుక్కోవాలని మాత్రం నేర్చుకున్నాను. ఆ నాలుగు మార్కుల పిల్లకు చెప్పాల్సిన జవాబు నేర్చుకోలేదు. ఆ రోజు, గ్రౌండుకు వెళ్లి ఆడుకోమన్నాను.