ఎప్పుడూ నాలుగు డిగ్రీలే

సాన్ హోసేలో మిల్తోన్ వర్క్‌షాపు నుంచి వెళ్ళే పాలు చల్లబరిచే ట్యాంకులన్నీ సుల్మా ఎచెవెరి రాసిన ప్రోగ్రాముతోనే నడుస్తాయి. యాభై ఒక్కేళ్ళ మనిషి. మెడలో తాడుకి కళ్ళజోడు, చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే చేదు ఆకుల పానీయం తాగే బుర్ర. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. యజమాని అయితేనేం, మిల్తోన్ ప్రోగ్రాములో వేలు పెట్టబోతే "చేతులు కడుక్కుని వచ్చావా?" అని అడిగే రకం.

ఆమె అస్తమానం చెప్పే మాట ఒకటుంది. "ట్యాంకు అంటే ఏమిటో ఒక్కచోటే రాయాలి. మిగతావాళ్ళంతా అక్కడ చూసి నేర్చుకోవాలి." ఆమె సీ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రామూ అలాగే ఉండేది. ఒక ఫైలులో ట్యాంకు నిర్వచనం: మొదటి గడిలో పాల ఉష్ణోగ్రత, రెండో గడిలో మోటారు సంగతి, అలా వరుసగా. ఉష్ణోగ్రత చూపే తెరను నడిపే ఫైలు, మోటారును నడిపే ఫైలు, అన్నీ యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలరు చేతిలో పడినప్పుడు ఆ వరుసను బట్టీ పట్టేస్తాయి. మళ్ళీ కంపైల్ చేసేదాకా వాటికి అదే పాఠం. నిర్వచనం మారితే ఏయే ఫైళ్ళను మళ్ళీ కంపైల్ చేయాలో ఒక జాబితాలో ఉంటుంది. ఆ జాబితా రాసేది కూడా సుల్మాయే.

పోయిన మార్చిలో ఆమె నిర్వచనం మార్చింది. రైతుకు కావలసిన ఉష్ణోగ్రతను మొదటి గడిలో పెట్టి, పాల అసలు ఉష్ణోగ్రతను రెండో గడిలోకి జరిపింది. జాబితాలో తెర ఫైలు పేరు లేదు. ఎలా తప్పిపోయిందో ఆమెకే తెలియదు. మిగతావన్నీ కొత్త వరుస నేర్చుకుంటే, తెర మాత్రం పాత పాఠమే అప్పజెప్పింది. మొదటి గడి చూసి, అక్కడ రైతు కోరిన నాలుగును చూపించింది. వర్క్‌షాపులో నాలుగు డిగ్రీల నీళ్ళతోనే పరీక్షించారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అలా వెళ్ళిన మొదటి ట్యాంకు రైతు ఓవీదియోది. ఒక ఆదివారం ఆయన పాడిలో చల్లబరిచే మోటారు కాలిపోయింది. పాలు వెచ్చబడి విరిగిపోతున్నా తెర మీద నాలుగే. రెండు రోజుల పాలు కాలవలో పారబోశారు.

"మోటారు సరే, తెర నాలుగెలా చూపించింది?" అని మిల్తోన్ అడిగితే సుల్మా తల కూడా ఎత్తలేదు.

"వైరు వదులై ఉంటుంది. బిగించింది దోన్ బల్తసార్, ఆయన్నే అడుగు."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందంటారా? అప్పటికి ఆమె నిజంగానే అలా నమ్మింది. ఆమెకు ఆ మాత్రం న్యాయం చేయాలి.

ఊళ్ళో అందరూ గౌరవంగా దోన్ అని పిలిచే బల్తసార్ వర్క్‌షాపులో అరవై నాలుగేళ్ళ ఎలక్ట్రీషియన్. మారుమాట్లాడకుండా వెళ్ళి వైర్లన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. అదే రోజు, ఎందుకైనా మంచిదని, సుల్మా అంతా చెరిపేసి మొదటినుంచీ కంపైల్ చేసిన కొత్త చిప్పు ఇచ్చి పంపింది. దాంతో తెర ఫైలూ కొత్త వరుస నేర్చుకుని, తెర బాగుపడింది. తప్పు వైరుదేనని ఊరంతా తేల్చేసింది.

మర్నాడు ఆమె తన జాబితాను ఊరికే చూస్తుంటే, అందులో లేని పేరు కనిపించింది. తెర ఫైలుది. తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క వరుస కలిపి, పక్కన "చిన్న సవరణ" అని రాసింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ శుక్రవారమే బల్తసార్ పనిముట్లు సర్దుకుని, ఎవరూ పొమ్మనకుండానే పని మానేసి వెళ్ళిపోయాడు.

ఆ రేపు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆయన వీధి తప్పించుకోవడానికి ఆమె రోజూ చుట్టుతిరిగి వెళ్ళేది. మాతే ఎలాగూ చేదే, ఇప్పుడు మింగుడు పడటం కూడా మానేసింది. అద్దంలో తన మొహం తనకే చూడాలనిపించేది కాదు. చివరికి, అక్కడ చలికాలమైన జూన్‌లో, వెళ్ళి ఆయన తలుపు తట్టింది.

"రా అమ్మాయ్, చలిలో నిలబడ్డావేం? లోపల చీకటిగా ఉంది, చూసుకుని నడువు. బల్బు పోయింది. మేనల్లుడొచ్చి మారుస్తాడు."

"బల్బుకి మేనల్లుడెందుకు? మీరున్నారుగా?"

"వైర్లు ముట్టుకోవడం మానేశాను."

"దోన్ బల్తసార్, ఆ ఓవీదియో ట్యాంకు విషయం..."

"నువ్వు చెప్పక్కర్లేదు. నాకు తెలుసు. చివరి మర నేను బిగించలేదు. ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వేళ్ళకి ఆ వదులు తగులుతూనే ఉంటుంది."

అలాంటి వదులు మర ఏదీ లేదు. సుల్మా మౌనమే దాన్ని ఆయన వేళ్ళలో పెట్టింది. ఉద్యోగం ఒక్కటే పోయిందనుకుంది ఆమె. ఇది ఆమె ఊహించలేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నిలబడే అంతా చెప్పేసింది: జాబితా, తెర, చిన్న సవరణ, అన్నీ.

అంతా విని ఆయన అడిగాడు. "అయితే ఆ మర బిగించే ఉందా?"

"ఉంది."

ఆయన తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"తిట్టండి నన్ను," అంది సుల్మా.

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. తిట్టను. నాకొక్కడికి చెప్తే సరిపోయిందా? నువ్వు అప్పుడన్న మాట ఎంతమంది చెవిన పడింది? వాళ్ళంతా ఆ పాత మాటే పట్టుకుని కూర్చున్నారు కదా!"

ఇరవై రెండేళ్ళు అందరికీ ఆ పాఠమే చెప్పిన మనిషికి, అది ఆయన చెబితే గానీ తట్టలేదు. ఆయన పేర్లు చెబుతుంటే ఆమె కాగితం మీద రాసుకుంది. పదకొండు పాడి ఇళ్ళు. ఒక్కటీ తప్పిపోలేదని రెండుసార్లు సరిచూసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఎక్కిన వ్యాను ఓవీదియో గేటు ముందు ఆగింది. బల్తసార్ దిగలేదు. "కిటికీ దించి ఉంచుతాను. వెళ్ళు," అన్నాడు.

ఓవీదియో భార్య ఇరిస్ బూట్ల బురద దులుపుకుంటూ వచ్చింది. "ఏం సుల్మా, ఇంత పొద్దున్నే?"

"పాలు విరిగిన రోజు సంగతి చెప్పాలి."

"ఓ, ఆ ముసలాయన తాగొచ్చి వైరు బిగించిన సంగతా?"

"తాగాడని ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. మొదట నువ్వే అన్నావట కదా?"

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వదులు వైరని ఆమె వదిలిన మాట పదకొండు గడపలు తిరిగి తాగుబోతై తిరిగొచ్చింది. వెనక వ్యానులో ఆయన వింటున్నాడు.

"ఆయన తాగలేదు. వైరు బాగానే ఉంది. తప్పు..." గొంతు లోపలికి పోయింది. "తప్పు నాది."

"వినపడలేదు, సుల్మా!" అన్నాడు వెనక నుంచి బల్తసార్.