సోడా నీళ్ళలో మెట్టెలు

ఉన్నిలో గంధకం ఉంటుంది. అది వెండిని నల్లబరుస్తుంది. కెమిస్ట్రీలో డిగ్రీ చదివినదాన్ని కనక ఇది నాకు తెలుసు. మా అత్తగారికి తెలిసింది వేరు. ఇల్లాలి కాలి మెట్టెలు నల్లబడితే మొగుడి ఆయుష్షు తరుగుతోందని లెక్క.

తొంభైల మధ్యలో, దక్షిణ ఢిల్లీలోని మా సర్కారీ క్వార్టర్లో, ఈ రెండు సిద్ధాంతాలూ చలికాలమంతా కొట్టుకున్నాయి. కిడ్నీలు పాడై మా ఆయన రజాయి కింద పడుకుని ఉండేవారు. కొడుకును చూసుకోవడానికి కాకినాడ నుంచి వచ్చిన అత్తగారు ఆయన మొహం కన్నా నా కాళ్ళే ఎక్కువ చూసేది. నేనేమో చలికి పగలూ రాత్రీ ఉన్ని మేజోళ్ళు విప్పేదాన్ని కాదు. మెట్టెలు నల్లబడక ఏమవుతాయి?

నోటితో చెబితే వినదని ఒక ఆదివారం చేసి చూపించాను. మా అమ్మాయి పట్టీలు అల్యూమినియం గిన్నెలో వేసి, ఉప్పూ వంటసోడా చల్లి, మరిగే నీళ్ళు పోశాను. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చింది. పట్టీలు తెల్లబడ్డాయి. పిల్ల చప్పట్లు కొట్టి, నాయనమ్మకు ఇంద్రజాలం చూపిస్తున్నట్టు "దాదీ, దేఖో, జాదూ" అంది. నా మెట్టెలు కూడా ఇందులో వేస్తే ఈ గొడవ తీరుతుందని వంగి కాలివేలి మీద చెయ్యి వేశాను.

"మొగుడు మంచంలో ఉండగా మెట్టెలు తీస్తావా? తగలబడ్డట్టే ఉంది నీ చదువు" అంది అత్తగారు.

"వెండికి అంత శక్తి ఉంటే డాక్టరెందుకండీ, కంసాలిని పిలుద్దాం" అన్నాను.

లోపలి నుంచి మా ఆయన నవ్వు వినిపించింది, వెనకే దగ్గు. మీ పోట్లాట తేలేదాకా నన్ను ఉండనివ్వండి, ఎవరు గెలిచారో తెలియాలి కదా అన్నారు.

మర్నాడు బాల్కనీ ఎండలో కూర్చున్నాను. అత్తగారు విభూతి, తడిగుడ్డ పట్టుకొచ్చి నా ఎదురుగా నేలమీద చతికిలబడి కాలు పెట్టమంది. పెద్దావిడ నా కాళ్ళు పట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కున్నాను. ఆవిడ లాగి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. మెట్టెలు తీయకుండానే విభూతితో తోమింది. అప్పటినుంచి రోజూ అదే పని.

ఒకరోజు తోముతూ, తల ఎత్తకుండా అంది. "మీ మామగారు జబ్బుపడ్డప్పుడు నా కాళ్ళు నేను చూసుకోలేదమ్మాయ్. మెట్టెలు బొగ్గుల్లా అయిపోయాయి. చూసుకోలేదు."

మొగుడు మంచాన పడితే ఏ ఆడదానికి కాళ్ళు చూసుకునే తీరిక ఉంటుంది? జబ్బు వల్ల నలుపు వచ్చింది గానీ, నలుపు వల్ల జబ్బు రాలేదు. సమాధానం నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

చలి విరగకముందే ఆయన పోయారు.

పదో రోజున మెట్టెలు తీశారు. వేళ్ళు వాచి ఉన్నాయి, సబ్బు రాస్తే గానీ రాలేదు. పైన తళతళలాడుతున్నాయి. చుట్టుకీ చుట్టుకీ మధ్య, చర్మానికి ఆనుకున్న లోపలి వైపు, మాత్రం కాటుకలా నలుపు. కాలినుంచి తీయకుండా తోమితే అక్కడికి విభూతి ఎలా వెళుతుంది? అత్తగారు వాటిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేను పోట్లాడేదాన్ని.

చుట్టాలు వెళ్ళాక వంటింట్లోకి వచ్చింది.

"ఆ సోడా నీళ్ళు పెట్టమ్మాయ్."

పెట్టాను. అదే గిన్నె, అదే వాసన. మెట్టెలు లోపలా బయటా మల్లెపువ్వుల్లా వచ్చాయి. ఆవిడ వాటిని అరచేతిలో పెట్టుకుంది.

"ఇంతేనా? ఆ రోజే నిన్ను తీయనిచ్చి ఉంటే?"

వాదించాను. గంధకం గురించి, ఉన్ని మేజోళ్ళ గురించి, ఏళ్ళ తరబడి పాడవుతూ వచ్చిన కిడ్నీల గురించి, మామగారి జబ్బు గురించి కూడా, అన్నీ చెప్పాను. గట్టిగా, వరసగా, తప్పులేకుండా చెప్పాను. ఆవిడ అన్నిటికీ తలూపింది. ఊపుతూనే, మచ్చ లేని మెట్టెల్ని చెంగుతో తుడుస్తూ ఉండిపోయింది.

నా మాట ఒక్కటీ ఆవిడదాకా వెళ్ళలేదు. నాదాకా కూడా రాలేదు.