గోవిందప్ప అప్పీళ్లు

మాన్విలో ఏ ప్రభుత్వ టెండరు ఎవరికి దక్కినా, దాని మీద గోవిందప్ప అప్పీలు వేస్తాడు. అన్నం మానమంటే మానతాడేమో కానీ అప్పీలు మానడు. బెంచీలు, బకెట్లు, ఫినాయిలు, ఏది కావాలన్నా సరఫరా చేసే చిన్న దుకాణం ఆయనది. ఆ అప్పీళ్లన్నీ వచ్చి పడేది టెండర్ల గుమాస్తా సుమంగళ బల్ల మీద.

ఒకసారి చీపుర్ల టెండరు ఇంకెవరికో ఖాయమైంది. మర్నాడే గోవిందప్ప టేపు పట్టుకొచ్చి, నమూనా చీపురు రెండంగుళాలు పొట్టిదని కొలిచి చూపించాడు. తర్వాత సుమంగళ కొలిచింది. పై అధికారి కొలిచాడు. జిల్లా నుంచి ఇంకో అధికారి వచ్చి కొలిచాడు. ఆ నెలన్నరా ఆఫీసు ఊడ్చిన నాథుడు లేడు.

కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన మంచిమాటలతో మారుద్దామని గోవిందప్పను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. గోవిందప్ప చివరి చుక్కదాకా తాగి, ఈ టీ ఏ టెండరు కింద వస్తోందని అడిగాడు. ఆ అధికారి మళ్లీ ఎవరికీ టీ ఇప్పించలేదు.

"ఎందుకు సావుకారూ, గిట్ల మా పానం తీస్తరు?" అని ఓనాడు సుమంగళ అడిగేసింది.

"ముప్పై రోజులల్ల అప్పీలు చేసుకోవచ్చని రాసింది మీరే గద తల్లీ," అన్నాడాయన.

ఈ ఏడు ఆడపిల్లల హాస్టలుకు యూనిఫాంలు కుట్టించే టెండరు గోవిందప్పకే దక్కింది. గెలిచిన మనిషి ఇంకెవరి మీద వేస్తాడని సుమంగళ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మూడో రోజు ఆయన కాగితాల కట్టతో ప్రత్యక్షమయ్యాడు.

అందరికన్నా తక్కువ ధర వేసింది తాను కాదట, భీమమ్మట. ఎనిమిదిమంది ఆడవాళ్లతో కుట్టుమిషన్లు నడిపే మనిషి. ఒక పేజీలో సంతకం మరిచిందని ఆమె టెండరును పక్కన పెట్టారు. అంత చిన్న లోపమైతే అడిగి సరిచేయించుకోవచ్చని నిబంధనల్లోనే ఉందంటూ, ఆ లైను కింద ఎర్రగీత గీసి మరీ తెచ్చాడు.

సుమంగళ తల పట్టుకుంది. "గెలిచినోళ్లు అప్పీలు వెయ్యనీకె రాదు సావుకారూ. ఓడినోళ్లే వెయ్యాలె."

"తెలుసు. గందుకే ఆమెను తోల్కొచ్చిన."

గుమ్మం దగ్గర భీమమ్మ బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. అప్పీలు ఆమె పేరు మీదే ఉంది. దస్తూరీ మాత్రం గోవిందప్పది.

"మీరు ఊకుంటే పని మీకే వస్తుండె గద," అంది సుమంగళ, గొంతు తగ్గించి.

"ఆమెకు అడగనీకె తెల్వదమ్మా. నాకు తెల్సు."

సుమంగళ భీమమ్మకు కుర్చీ జరిపి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించింది, ఒక్క పేజీ కూడా తప్పిపోకుండా.

అప్పీలు నెగ్గింది. ఒప్పందం రోజున భీమమ్మ తన ఎనిమిదిమందినీ వెంటబెట్టుకుని వచ్చింది. సాక్షి సంతకం ఎవరు పెడతారని సుమంగళ అడిగితే, అందరూ వెనక్కి తిరిగి చూశారు. టెండరు పోగొట్టుకున్న గోవిందప్ప చొక్కా సర్దుకుని, పెళ్లిపెద్దలా ముందుకొచ్చాడు.