నలభై బస్తాల పొయ్యి

పొయ్యి రాజేసి కొంపలు తగలబెట్టుకున్నవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. అగ్గిపుల్ల గీయకుండా, కుర్చీలో కూర్చుని, కాయితం మీద నాలుగు అబద్ధాలు రాయించి తన పొయ్యికి తానే నీళ్ళు పోసుకున్నదాన్ని మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఆ ముచ్చట చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది. మీ దాకా వచ్చేది చద్దినవ్వే.

నేను చదివింది మూడో తరగతి. నాలుగులో చేర్చేలోపు మా అమ్మ నా చేతికి చేట ఇచ్చింది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషైతే ముద్ర ఎంత పెద్దదో చూసి అంత గౌరవం ఇస్తాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

యానాం ఫరంపేటలో మా పెరట్లో ఒక మట్టిపొయ్యి, దాని మీద ఒక ఇనప బాణలి, అందులో ఇసుక. ఇసుక కాగాక ఉప్పునీళ్ళు పట్టించిన బియ్యం పోసి తిప్పితే మరమరాలు పొంగుతాయి. రోజుకి ఒక బస్తా, ఒళ్ళు సహకరిస్తే ఒకటిన్నర. మా ఆయన వల లాగే రోజులు అయిపోయి అరుగు మీద కూర్చునే రోజుల్లోకి వచ్చారు కనక, ఇంట్లో కంచంలోకి వచ్చేదంతా ఆ పొయ్యిలోంచే. అందుకే దాని దగ్గర నా చట్టాలు గట్టిగా ఉంటాయి. మిల్లులో ఊరికే పారబోసే ఊక తప్ప వేరే వంటచెరుకు వాడను. వెలిగి ఆరిన అగ్గిపుల్లని పారేయను, వంటింటి పొయ్యి నుంచి మంట తెచ్చుకోవడానికి రెండోసారి పనికొస్తుంది. బాణలి తిప్పుతున్నప్పుడు పక్కన ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే గింజ మాడుతుందని చెబుతాను. అసలు సంగతి, మాట్లాడుతూ కూర్చున్నవాళ్ళు గుప్పిళ్ళతో తినేస్తారు.

ఇక వీరవేణి. మా మరిది భార్య, నా తోటికోడలు. గోడ అవతలే ఇల్లు. పదో తరగతి పాసైన మనిషి, ఆ సంగతి నాకు గుర్తు చేయకుండా ఒక్క పండగనీ గడవనివ్వలేదు. మరమరాలు వేయించడం నా పొయ్యి దగ్గరే, నా తిట్లు తింటూనే నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుందా? పెరట్లో రేకుల షెడ్డు వేసి, నాలుగు పొయ్యిలు కట్టి, పొగ పైకి పోవడానికి కొబ్బరిచెట్టు తల అందుకునేంత గొట్టం నిలబెట్టింది. అదీ ఓర్చుకున్నాను. ఒకరోజు నా దగ్గర ఏళ్ళ తరబడి కొనే టీకొట్టాయన సంచీ పట్టుకుని గోడ అవతలికి నడిచాడు.

"ఏం నాయనా, దారి తప్పావా?"

"లేదండి. ఆవిడకి గవర్నమెంటు కాయితం ఉందంటండి. పటం కట్టి పెట్టారాయ్. చూసేవాళ్ళకి నమ్మకంగా ఉంటది కదండీ."

నా కడుపులో ఊక అంటుకుంది. ఊకమంట ఎలాంటిదో ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైకి మంట కనపడదు, లోపల రోజంతా కుములుతుంది.

సాయంత్రం అప్పుతెచ్చుకున్న చేట తిరిగిచ్చే వంకతో వెళ్ళాను. షెడ్డు గుమ్మం పైన, పువ్వు పెట్టి మరీ, అద్దాల పటంలో కాయితం.

"ఏంటే ఇది, కొత్త దేవుడా?"

"దేవుడు కాదక్కా, పొగ పర్మిషను. పెద్ద బట్టీలకి ఇది ఉండాలంటండి. పుదుచ్చేరి నుంచి వచ్చింది."

"మరి నాకు రాలేదేం?"

"మీకక్కర్లేదంట అక్కా. మీ పొయ్యి మరీ చిన్నది కదండీ."

చిన్నది! నేను నేర్పిన మనిషి, తన రేకుల షెడ్డులో నిలబడి, నా పొయ్యిని చిన్నదనేసింది. ఆవిడ కాఫీ తేవడానికి లోపలికి వెళ్ళగానే స్టూలెక్కి పటాన్ని కొలిచాను. జాన మీద రెండు వేళ్ళు.

మర్నాడే పటాల కొట్టుకి వెళ్ళి రెండు జానల పటం బేరం చేశాను. అద్దం మూల చిట్లింది కనక సగానికే ఇచ్చాడు. తెచ్చి వీధి గుమ్మం పైన కొట్టాను. మా ఆయన కాసేపు తల పైకెత్తి చూశారు.

"ఎవరే ఇందులో?"

"ఇంకా రాలేదు. పర్మిషను వస్తాది."

"అందాకా ఖాళీ పటానికి దణ్ణం పెట్టుకోమంటావా?"

"మీరు ఊరుకోండి" అన్నాను. మా ఇంట్లో వాదనలు సాధారణంగా అక్కడే ముగుస్తాయి.

దరఖాస్తులు కంప్యూటర్లో పెట్టే శ్రీను కొట్టుకి వెళ్ళాను.

"రోజుకి ఎన్ని బస్తాలండీ పిన్నిగారూ?"

"వీరవేణి ఎంత రాయించింది?"

"ఒకరిది ఒకరికి చెప్పకూడదండి."

సంచిలోంచి మరమరాల ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను. నా చేత్తో ఊరికే ఇచ్చిన మొదటి ప్యాకెట్టు అది. శ్రీను కూడా ఆ సంగతి గ్రహించి కదిలిపోయాడు.

"పది అనుకోండాయ్."

"అయితే నాది నలభై."

"నలభయ్యా! పిన్నిగారూ, మీది ఒకటే పొయ్యి కదండీ?"

"ఆరు రాయి. గొట్టం ఆవిడదానికంటే మూరెడు ఎక్కువ రాయి."

"గొట్టం ఉందాండీ అసలు?"

"నువ్వు రాయి. తర్వాత చూసుకుందాం."

శ్రీను చెవి గోక్కున్నాడు. "పిన్నిగారూ, ఒక మాట. గాలి విషయంలో ఢిల్లీలో రూలు మారుస్తున్నారంట. పెద్ద బట్టీలని గట్టిగా పట్టుకుంటారంటన్నారు."

"ఢిల్లీ ఎక్కడ, ఫరంపేట ఎక్కడ! అక్కడ మార్చిన రూలు ఇక్కడికి నడిచొచ్చేసరికి నాకు మనవలకి మనవలు పుడతారు. నొక్కు."

నొక్కాడు.

రూలు నడిచే వచ్చింది. కాకపోతే నాకంటే చురుగ్గా నడిచింది. వర్షాలు వెళ్ళి చలి మొదలయ్యేసరికి వీరవేణి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. చేతిలో ఒక ఉత్తరం.

"అక్కా, నా కాయితం గడువైపోతంది కదా, మళ్ళీ ఇవ్వమని పెట్టాను. ఆపేశారండి! మన వీధిలో ఎవరో నలభై బస్తాల బట్టీ పెడతన్నారంట. కొత్త రూలు ప్రకారం వాళ్ళ పొగా, నా పొగా కలిపితే మన గాలి పట్టదంట. ఎవరండీ ఆ మహానుభావులు? వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికాను, ఎక్కడా ఇటుక కూడా దింపలేదు!"

నా గుండె ఒక్కసారి ఆగింది. ఆ వెంటనే, దేవుడు క్షమించాలి, ఉత్సాహంగా కొట్టుకోవడం మొదలెట్టింది. చిన్నదన్న నా పొయ్యి ఆవిడ నాలుగు పొయ్యిలనీ పుదుచ్చేరిలో కూర్చుని ఆపేసింది!

"ఎవరోనే పాపం, గొప్పవాళ్ళే అయ్యుంటారు" అన్నాను. ఆ సాయంత్రం టీలో రెండు చెంచాల పంచదార వేసుకున్నాను. మా ఆయన భయపడి నా నుదురు ముట్టుకుని చూశారు.

నాలుగు రోజులకి నాకూ కవరొచ్చింది. వీరవేణి ఉత్తరం ఒక్క పేజీ, నాది నాలుగు. వీరవేణి ముద్ర రూపాయి బిళ్ళంత, నాది అరచెయ్యంత. అంతా ఇంగ్లీషు. ఇంతకంటే పర్మిషను ఎలా ఉంటుంది చెప్పండి? మొదటి పేజీ పటంలో బిగించి, మందారం పెట్టి, గోడ మీంచి కేకేశాను.

"వీరవేణీ! ఒకసారి ఇలా వచ్చి వెళ్ళవే!"

వచ్చింది. తలెత్తి చదివింది. పదో తరగతి పాసైన కళ్ళు గీత గీతకీ పెద్దవవుతున్నాయి. కుళ్ళుకుంటోందని నేను లోపల్లోపల మురిసిపోతున్నాను.

"ఆ నలభై బస్తాల మహానుభావులు మీరాండీ అక్కా!"

"మరి?"

"ఇది పర్మిషను కాదండి. నోటీసు. పదిహేను రోజుల్లో గొట్టం, దుమ్ము పట్టే పెట్టె చూపించాలంట. లేకపోతే పొయ్యి ఆర్పెయ్యాలంట. ఆఫీసరు చూడ్డానికి వస్తారంట."

మందారం టపీమని నా నెత్తిన పడింది.

మా ఆయన అరుగు దిగకుండానే తీర్పు చెప్పారు. "పొరపాటున రాశాం బాబూ, మాది ఒకటే పొయ్యని చెప్పెయ్యవే. పొయ్యి ఆరితే తినేదేంటి?"

"ఆవిడ వింటుండగా చిన్నదని నా నోటితో చెప్పనా? చచ్చినా చెప్పను. గొట్టమేగా కావాలి, కడతాను."

కొత్త గొట్టం కొనడానికి నాకు పిచ్చెక్కలేదు. పాత నూనె డబ్బాల అడుగులు కొట్టించి, ఒకదానిలో ఒకటి దూర్చి, కొబ్బరితాడుతో చెట్టుకి కట్టించాను. చూడ్డానికి నడుము విరిగిన కొండచిలువలా ఉంది. పొయ్యి వెలిగిస్తే పొగ మూడో డబ్బా దాకా ఎక్కి, అక్కడ మనసు మార్చుకుని, తిన్నగా అరుగు మీదికి దిగింది. మా ఆయన దగ్గుతూ వీధిలోకి పరిగెత్తారు. పెళ్ళయ్యాక ఆయన పరిగెత్తడం చూడ్డం అదే మొదలు.

పదిహేను రోజులూ అయ్యాక ఆఫీసరు వచ్చాడు. పుదుచ్చేరి మనిషి, తెలుగు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచి మాట్లాడతాడు. పెరడంతా చూసి, కోళ్ళగూడు వెనక్కి కూడా తొంగిచూసి అడిగాడు.

"ఫ్యాక్టరీ ఎక్కడమ్మా?"

"ఇదేనండి."

"ఆరు పొయ్యిలు?"

"అందులో ఒకటి ఇదండి."

"మిగతా ఐదు?"

గోడ మీద వీరవేణి తల లేచింది. నేను వంగి బాణలిలో ఇసుక సర్దాను. ఆయన డబ్బాల కొండచిలువని కింద నుంచి పైదాకా చూసి, టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, గాలిలో దుమ్ము ఎంతవరకు ఉండొచ్చో గీత గీసేది ఢిల్లీ. ఆ గీత ఇప్పుడు కిందికి దించారు. దాన్ని దాటకుండా ఎవరికి పర్మిషను ఇవ్వాలి, ఎవరిని ఆపాలి అన్నది మా పని. మీ వీధిలో గీత కింద మిగిలిన చోటంతా మీ నలభై బస్తాలే తీసేసుకున్నాయి. నిజంగా నలభై అయితే ఈ పొయ్యి ఇవాళే ఆర్పాలి. కాకపోతే, చిన్నదని మీ నోటితో చెప్పాలి."

"పొయ్యి తీసుకెళ్ళి ఆంధ్రాలో పెట్టుకుంటానండి. మా ఊరి చుట్టూ ఆంధ్రాయే కదండీ."

"ఢిల్లీ రూలు అక్కడికీ వెళ్తుందమ్మా. ఇవాళ కాకపోతే రేపు."

దారులన్నీ మూసుకుపోయాయి. బాణలి వంక చూశాను. ముందురోజు రాత్రి నానబెట్టిన బియ్యం పక్కనే ఉన్నాయి, వేయించకపోతే పులుస్తాయి. మా ఆయన వీధిలోంచి నావంకే చూస్తున్నారు. గొంతు తగ్గించి, గాలికి కూడా వినపడకుండా అన్నాను.

"చిన్నదండి."

"ఏమన్నారమ్మా?"

"వినపడలేదక్కా!" గోడ మీంచి వీరవేణి.

"చిన్నదే! చిన్నదీ!" అని అరిచాను. ఆ కేక అంత దూరాన ఉన్న దరియాలతిప్పలో కూడా వినపడిందని తర్వాత చేపలమ్మే ఆవిడ చెప్పింది.

"పక్కవాళ్ళు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి" అన్నాడాయన. వీరవేణికి గోడ చుట్టూ తిరిగొచ్చే ఓపిక కూడా లేకపోయింది, అటునుంచే దూకేసింది. సంతకం ఒక్కటి పెట్టి వెళ్ళొచ్చు కదా?

"రాసుకోండి సార్. ఒకటే పొయ్యి. బాణలి ఇంతే. గట్టిగా తిప్పితే బస్తా, అదీ ఒళ్ళు బాగున్నరోజు. ఇంకా చిన్నది రాయండి సార్, అంత కూడా ఉండదు." ప్రతి మాటకీ ఆయన నా వంక చూశాడు, ప్రతి మాటకీ నేను తలూపాను. చివర్లో మాత్రం గొంతు మార్చింది. "కాకపోతే సార్, మరమరం తెల్లగా పొంగాలంటే ఈ పొయ్యి మీదే. నేను నేర్చుకుంది ఇక్కడే." అది మెచ్చుకోలో, పుండు మీద కారం చల్లడమో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోయాను.

నెల తిరక్కుండా ఇంకో కాయితం వచ్చింది. ఈసారి శ్రీను చేత చదివించాకే నమ్మాను. మొత్తం రెండు లైన్లు. ఈ పొయ్యి వదిలే పొగ చాలా కొద్ది కనక దీనికి ఏ పర్మిషనూ అక్కర్లేదట. పటం ఎలాగూ ఉంది, అద్దం కూడా ఉంది. బిగించి గుమ్మం పైన పెట్టాను. టీకొట్టాయన చదవలేడు కనక ముద్ర చూసి వెనక్కి వచ్చేశాడు.

వీరవేణికీ పర్మిషను వచ్చింది, కొత్త రూలు షరతులతో. గొట్టం ఇంకా పొడుగు చేయించాలి, దుమ్ము పట్టే పెట్టె పెట్టించాలి, గడువు తీరినప్పుడల్లా దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకరోజు మా గుమ్మంలో నిలబడి నా పటం వంక చాలాసేపు చూసింది. ఆ చూపు నేను ఎరుగుదును. ఊక అంటుకున్న చూపు.

"అక్కా, మీకు గొట్టం లేదు, పెట్టె లేదు, మళ్ళీ మళ్ళీ రాసుకునే బాధ లేదు. ఇలాంటి కాయితం ఎలా వస్తదండీ?"

"దానికి ముందు నలభై బస్తాలు రాయించాలే" అన్నాను.

కనక పాఠకులారా, చల్లారిన బాణలి మీద చెయ్యేసి ఒట్టుపెడుతున్నాను. వేడి బాణలి మీద పెట్టేంత తెలివితక్కువదాన్ని కాను. ఇక ఈ జన్మలో వీరవేణి గుమ్మం మీది పటాన్ని జానతో కొలవను, ఆవిడ వైపు చూసి నా అంకెలు పెంచను, చదవని కాయితానికి మందారం పెట్టను.

మొన్న ఆవిడ షెడ్డు ముందు ఎర్రరంగుతో పేరు రాయించి బోర్డు పెట్టింది. అది పటం కాదు కనక నా ఒట్టు కిందికి రాదు. మూడు మూరల నాలుగు వేళ్ళు ఉంది.