నల్లగొండలో దిగిన పెళ్లికొడుకు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టాలంటే మధ్యలో కనీసం ఒక తరమైనా గడిచి ఉండాలని మా పత్రిక డెస్కులో పెద్దలు అనేవారు. నేను చెప్పబోయేది అంత పాత సంగతి కాదు. కానీ ఉప్పల్‌లో కాలం లెక్క వేరు. ఇక్కడ ఫ్లైఓవర్ స్తంభాలు ఎన్నేళ్లయినా స్తంభాలుగానే ఉంటాయి. వాటి కింద తిరిగే మనుషులు మాత్రం పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, చెంగిచెర్లలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోతారు. అందుచేత, వందే భారత్ రైలు మా వైపు కొత్తగా వచ్చిన ఆ రోజులను ‘ఆ రోజులు’ అనే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను. అప్పటికి నేను ఒక దినపత్రికలో ఉపసంపాదకుణ్ని. ఉప్పల్ పక్కనే నాచారంలో అక్కాబావల ఇంటి పై గదిలో ఉండేవాణ్ని. పెళ్లి వయసు వచ్చి, కాసేపు ఆగి, విసుగుపుట్టి ముందుకు కదిలిపోతున్న దశ. సంబంధాలు వచ్చేవి గానీ రాత్రి డ్యూటీ దగ్గర తెగిపోయేవి. “రాత్రంతా ఆఫీసుల కూసోని ఏం జేస్తడమ్మా?” అని అడిగేవారు. “తప్పులు దిద్దుతడు” అనేది మా అక్క గర్వంగా. “ఎవరియి?” అని వాళ్లు మళ్లీ అడిగేవారు. అక్కడితో కాఫీ కప్పులు కింద పెట్టేవారు.

అటువంటప్పుడు గుంటూరు సంబంధం వచ్చింది. అమ్మాయి బడిలో లెక్కల టీచరు. వాళ్ల నాన్న కాలేజీలో పనిచేసి రిటైరయ్యాడు. రాత్రి డ్యూటీ సంగతి ముందే చెప్పినా రమ్మన్నారు. “ఇది గిట్ల తప్పిందనుకో, ఇగ నీకు నేను సంబంధాలు సూడ. నీ పేపర్లనే ప్రకటన ఇచ్చుకో” అని అక్క తేల్చి చెప్పింది. మా బావ రైల్వేలో గుమస్తా. మల్కాజిగిరి స్టేషన్ మీదుగా పోయే ప్రతి బండినీ ఇంటిపేరుతో సహా ఎరిగినవాడు. రంగంలోకి దిగాడు. “బస్సుల పోతే బస్సు పిలగాడంటరు బామ్మర్ది. వందే భారత్‌ల దిగితే ఆ లెక్కే వేరు. వాళ్లను స్టేషన్‌కు రమ్మను. నువ్వు దిగంగ సూడాలె.” నా గుణగణాల మీద వారిద్దరికీ ఉన్న నమ్మకం ఎంతటిదో అప్పుడే తెలిసింది. నేను కాదు, నేను దిగే తలుపు నచ్చాలి.

ఆ రైలు గురించి నేను అప్పటికే చాలా రాసి ఉన్నాను (చూడకుండా). ‘విమాన తరహా సౌకర్యాలు’ అన్న మాట నా చేతి మీదుగా ఎన్ని పేజీల్లోకి వెళ్లిందో లెక్కలేదు. విమానం లోపల కూడా నేను చూడలేదన్నది వేరే సంగతి. అంతేకాదు, ఎక్కడో ఒకాయన లోపల ఫొటో దిగుదామని ఎక్కితే తలుపులు మూసుకుపోయి, తర్వాతి స్టేషన్ దాకా వెళ్లాడన్న వార్త వస్తే, ‘ఫొటోకని ఎక్కె.. పక్క జిల్లాలో దిగె’ అని శీర్షిక పెట్టి, డెస్కంతా నవ్వుతుంటే కాలరు సర్దుకున్నవాణ్ని నేనే. ఆయనెవరో గానీ ఆ నవ్వు ఆయనకు వినిపించే ఉంటుంది.

తెల్లవారుతుండగా నేనూ బావా సికింద్రాబాద్‌లో ఎక్కాం. కొత్త ప్యాంటు, కొత్త చొక్కా, కరుస్తున్న కొత్త బూట్లు. లోపలికి అడుగుపెట్టగానే నా శీర్షికలన్నీ నిజమేనని తేలి ఆశ్చర్యపోయాను. మెత్తటి సీట్లు, చల్లటి గాలి, తలమీద లేత వెలుగు, ఎంత వేగంతో పోతున్నామో చెప్పే తెర. పెట్టెకూ పెట్టెకూ మధ్య తలుపు మనిషిని చూసి తనంత తానే తెరుచుకుంటుంటే మా బావ ఆ తలుపు ముందు అటూ ఇటూ తిరిగి, “ముట్టకుండనే తెరుసుకుంటది సూడు! ఇంట్ల మీ అక్క నేనొచ్చిన్నని తలుపు తీయడానికి ఎంతసేపు జేస్తది!” అన్నాడు. నేను సీటు వెనక్కి వాల్చాను. ఫోను చార్జింగుకు పెట్టాను. కాళ్లు పెట్టుకోవడానికి కింద పలక ఉంటే, కరుస్తున్న బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, కాళ్లు దాని మీద జాపాను. వేడి ఉప్మా పళ్లెం వచ్చింది. ఇంత సుఖపడ్డవాడికి ఎవరైనా పిల్లనిస్తారన్న ధైర్యం కూడా వచ్చింది.

ఇక్కడ మా వంశాచారం ఒకటి చెప్పాలి. మావాళ్లలో ఎవరు నల్లగొండ మీదుగా రైల్లో వెళ్లినా, అక్కడ ఉండే మా చిన్నమ్మ స్టేషన్‌కు వచ్చి కిటికీలోంచి ఏదో ఒకటి అందించాల్సిందే. ఊచల సందులోంచి ఆమె చేర్చిన డబ్బాలు, సంచులు, మామిడికాయల లెక్క ఎవరికీ తెలియదు. (ఒకసారి ఊచల్లో పట్టని గుమ్మడికాయను గార్డు చేతికిచ్చి పంపిందంటారు.) ఈసారి గుంటూరువారికని సకినాలు చేసింది. “ఉత్త చేతుల్తోని పిల్లను సూడనీకి పోతరా?” అని ఫోనులో కోప్పడింది కూడా. ఈ రైలుకు కిటికీలు తెరుచుకోవన్న ముక్క ఆమెకు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు.

నల్లగొండలో బండి ఆగింది. చిన్నమ్మ సరిగ్గా మా కిటికీ ముందే నిలబడి ఉంది, స్టీలు డబ్బా చంకలో పెట్టుకుని. నేను చెయ్యి ఊపాను. ఆమె నా కళ్లలోకి చూస్తూ కొంగుతో ముఖం తుడుచుకుంది, ముంగురులు సర్దుకుంది, బొట్టు సరిచేసుకుంది. బయటివాళ్లకు ఆ అద్దం అద్దమే. నేను గాజు మీద కొట్టాను. వినిపించలేదు. “ఓ బిడ్డా!” అని పిలుస్తున్నట్టు నోరు కదిలింది గానీ ఆ పిలుపు మా చల్లదనంలోకి రాలేదు. ఆమె పక్క కిటికీకి వెళ్లి, ఎవరో ఆఫీసరు ముఖం ఎదుట డబ్బా ఎత్తి చూపించింది. ఇంక ఆగలేక పరుగెత్తాను. వేడి ఉప్మా నోట్లో ఉన్న బావ ఏదో అన్నాడు గానీ అది మాటగా బయటికి రాలేదు. బూట్లు తొడుక్కోవడానికి వ్యవధి లేదు. పైగా స్టేషన్‌లో దిగి టీ తాగి, కదిలే బండిని ఊచ పట్టుకుని ఎక్కడంలో నాకు కాలేజీ రోజుల నుంచీ పేరుంది.

“చిన్నమ్మా!” అన్నాను. ఆమె వెనక్కి తిరిగి, ముఖమంతా నవ్వుతో, “బక్కగైనవు కదరా!” అంది. డబ్బా ఇచ్చి ఊరుకుంటే ఎలా ఉండేదో గానీ, “పిల్ల ముందర తలకాయ దించుకొని కూసోకు. అడిగినదానికి జెప్పు. ఇంట్ల మాట్లాడినట్టు జర గట్టిగ మాట్లాడు” అంటూ నా చొక్కా కాలరు సర్దింది. నేను కాళ్లకు దండం పెట్టి లేచేసరికి తలుపులు చప్పుడు లేకుండా మూసుకున్నాయి. పట్టుకుందామంటే ఆ రైలుకు ఊచ లేదు. నున్నటి తెల్ల గోడ ఒకటి నా ముందు నుంచి మర్యాదగా జారిపోయింది.

“గట్లెట్ల పోతది? మనం ఈడ నిలవడ్డది కనవడలేదా వానికి?” అంది చిన్నమ్మ. తర్వాత నా కాళ్ల వంక చూసింది. “చెప్పులేయిరా?”

“గుంటూరు పోతున్నయి.”

ఆమె ఫోను తీసుకుని నా నంబరుకే చేశాను. బావ ఎత్తాడు. “ఏడున్నవ్‌రా?” “ప్లాట్‌ఫాం మీద.” “ఏసీ మస్తుగున్నది కదరా, ఎందుకు దిగినవ్?” సకినాల డబ్బా సంగతి చెప్పాను. తర్వాత బావ గొంతు తగ్గించి, “మరి నీ ఉప్మా చల్లగైతున్నది, నేను తినాల్నా?” అని అడిగాడు.

స్టేషన్‌లో అడిగితే వెనక మామూలు బండి ఉందన్నారు. చిన్నమ్మ తన చెప్పులు విప్పి నా ముందు పెట్టింది. “నాకు ఆటో ఉన్నది, ఇల్లు పక్కకే. నువ్వు ఏస్కో.” పట్టీ మీద ఎర్రటి ప్లాస్టిక్ పువ్వు. మడమలు బయటికి వేలాడుతుండగా జనరల్ పెట్టెలో, సంచుల మధ్య ఇరుక్కుని బయల్దేరాను. పక్కనున్న ముసలమ్మ “ఏందయ్యా డబ్బల?” అంది. చెప్పక తప్పలేదు, చెప్పాక పెట్టక తప్పలేదు. నా కథ ముందు సీటుకు, అక్కడి నుంచి తలుపు దాకా పాకింది. కథతో పాటు సకినాలు కూడా. పెట్టెడు మంది నాకు పెళ్లి కావాలని ఆశీర్వదించేసరికి డబ్బాలో అడుగు కనిపించింది.

అక్కడ గుంటూరు స్టేషన్‌లో జరిగింది తర్వాత మా బావే చెప్పాడు. తలుపు తెరుచుకుంది. మా బావ నా బూట్లు చేతిలో పట్టుకుని ఒక్కడే దిగాడు. అమ్మాయి నాన్నగారు ఆ బూట్లను, బావను మార్చి మార్చి చూసి, “అబ్బాయి ఏరండీ?” అన్నారు. “ఎనక వస్తున్నడు సార్.” “వెనక పెట్టెలోనా?” “ఎనక బండిల.” ఆ సమాధానం ఇచ్చాక ఇంటిదాకా కారులో ఆ బూట్లను ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడట.

ఎండ వాలాక నేను చేరాను. చెప్పులు గుమ్మం బయటే విడిచాను, ఎవరూ చూడకముందే. ముఖం కడుక్కుని, నలిగిన చొక్కాతో కూర్చున్నాను. డబ్బాలో మిగిలిన ముక్కలు చూసి వాళ్లమ్మగారు “జంతికలా అండీ?” అంటే, “జంతికలు కావమ్మా, సకినాలు. పొద్దుగాల గుండ్రంగ ఉండె” అన్నాడు బావ బాధగా. నాన్నగారి ముఖం చూస్తే నా సంగతి తేలిపోయినట్టే ఉంది. రైలెక్కి సీట్లో కూర్చోవడం కూడా రానివాడు సంసారం ఏం చేస్తాడన్న ప్రశ్న ఆయన కళ్లద్దాల వెనక స్పష్టంగా కనిపిస్తోంది. అక్క మాటలు గుర్తొచ్చి, నా పెళ్లి ప్రకటనకు మనసులోనే శీర్షిక వెతుక్కుంటున్నాను. అప్పుడు అమ్మాయి వచ్చి కూర్చుని, మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: “మీతో ఆడవాళ్లు కూడా వచ్చారా? బయట చెప్పులున్నాయి.”

చిన్నమ్మ చెప్పినట్టు తలెత్తి, జర గట్టిగానే, “అవి నావే” అన్నాను. ఆ తర్వాత మొత్తం చెప్పాను. అద్దం ముందు బొట్టు సరిచేసుకోవడం దగ్గర అమ్మాయి పెదవి బిగబట్టింది. ఉప్మా దగ్గర బిగబట్టలేక నవ్వేసింది. కాసేపటికి తేరుకుని, “మరి ఆవిడ ఇంటికి వట్టి కాళ్లతో వెళ్లారా?” అంది. వెళ్లిందన్నాను. మమ్మల్ని పంపేటప్పుడు నాన్నగారు మర్యాదకు “ఆలోచించుకుని కబురు చేస్తాం” అంటుంటే, వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది: “ఆ చెప్పులు ఇక్కడే ఉంచమనండి నాన్నా. మనమే తీసుకెళ్లి ఇద్దాం.” (నేను బావ చేతిలోని బూట్లు తొడుక్కుని వచ్చేశాను. జీవితంలో అంత మెత్తటి బూట్లు మళ్లీ తొడగలేదు.)

ఇప్పటికీ గుంటూరుకు ఆ రైల్లోనే వెళ్తుంటాం. ఫోను జేబులోనే ఉంటుంది. బూట్లు కాళ్లకే ఉంటాయి. నల్లగొండ వస్తోందనగానే మా ఆవిడ, మాట్లాడుతున్న మాట ఆపకుండానే, నా చొక్కా కొస పట్టుకుంటుంది. సకినాలు ఇప్పుడు కొరియర్‌లో వస్తున్నాయి. చిన్నమ్మ మాత్రం స్టేషన్‌కు రావడం మానలేదు. పెట్టె నంబరు చెబుతానంటే “నాకెందుకు బిడ్డా నంబర్లు” అంటుంది. బండి ఆగగానే మొదటి కిటికీ నుంచి చివరిదాకా నడుస్తూ అన్నిటికీ చెయ్యి ఊపుతుంది, ఏదో ఒక దాంట్లో మేముంటాం కదా అని. లోపల కంప్యూటర్ల మీద వంగిన వాళ్లు తలెత్తి, ఎవరో అర్థంకాక, ఒకరిద్దరు తిరిగి చెయ్యి ఊపుతారు కూడా. కనిపించదని తెలిసీ నేనూ ఊపుతాను. తలుపులు చప్పుడు లేకుండా మూసుకుంటాయి. అప్పుడు ఆమె పక్కనే, వట్టి కాళ్లతో, చేతిలో డబ్బాతో ఒకడు నిలబడి కనిపిస్తాడు. వాడికి ఫోను లేదు, బూట్లు లేవు, పెళ్లవుతుందో లేదో తెలియదు. అయినా చిన్నమ్మ చెప్పేదంతా విన్నాకే రైలు వైపు తిరిగాడు. ఈ చల్లటి పెట్టెలో కూర్చుని వాడికి కూడా ఒకసారి చెయ్యి ఊపుతాను. వాడికీ నేను కనిపించను.