కాలు చాపుకునే బండికి బ్రేకు గొట్టాలు

"తాళం ఇటివ్వు."

"ఇవ్వనండి."

"గేరు మీద ఆపుకుంటూ పోతాడు సత్తిబాబు. నేను పక్కన కూర్చుని చెప్తాను. మంచు కొండల్లో లోడు లారీనే అలా దింపేను."

"ఆ కొండల్లో మీకు ఎదురు ఎవరొచ్చేరండి, మంచు తప్ప? ఇది ఏటిగట్టు. బళ్ళోకెళ్ళే పిల్లలుంటారు, గేదెలుంటాయి."

"బ్రేకు పూర్తిగా పోలేదే. రెండోసారి తొక్కితే పడుతోంది."

"రెండోసారి తొక్కేలోగా ఎవరి బిడ్డో చక్రం కింద ఉంటుంది. బ్రేకు లేని బండి లైన్లోకి రాకూడదని ఊరందరికీ చెప్పింది మీరు కాదేంటండి?"

నేను తాళం చెవిని కొంగున ముడి వేసుకున్నాను. నా డ్యూటీ అక్కడ మొదలైంది.

మా ఆయన సైన్యంలో డ్రైవరు. హవల్దారుగా దిగిపోయారు. మంచు కొండల్లో చేసిన ఆ పోస్టింగు గురించి ఊళ్ళో ఆయన చెప్పని మనిషి లేడు. నేను ఐదో తరగతితో బడి మానేశాను. తుపాకీ ముట్టుకోలేదు. అయినా ఈ శ్రావణమాసంలో నేను చేసింది కూడా డ్యూటీయే. ఆయన చెప్పే పద్ధతిలోనే రాస్తాను. చోటు, వాతావరణం, సామాను, ఆర్డరు. ఏడుపు వేరే రాయక్కర్లేదు.

చోటు: పి.గన్నవరం దాటాక ఏటిగట్టు కింద మా ఇల్లు. గేటు దాటగానే వాలు, వాలు ఎక్కితే గట్టు మీద రోడ్డు, ఆవల గోదావరి. వాతావరణం: ముసురు. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఎదురు లంకలో అరటితోటలు నడుముల దాకా మునిగి ఉన్నాయి.

పని: ఆయన్ని వారానికి మూడుసార్లు అమలాపురం తీసుకెళ్ళడం. ఆయన కిడ్నీలు పనిచెయ్యవు. మిషను మీద రక్తం కడగాలి. ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు నిలిచిపోతుంది. పడుకుంటే ఊపిరి ఆడదు. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొస్తాం. బండి నడిపేది మా అన్నయ్య కొడుకు సత్తిబాబు.

ఇక ఆ కారెందుకంటే, సర్వీసులో లారీ బోల్తా పడి ఆయన కుడి మోకాలు బిగుసుకుపోయింది. వంగదు. కర్రలా చాపుకునే ఉండాలి. ఆ పాత తెల్ల కారులో ముందు సీటు బల్లలాగా ఒకటే ముక్క. ముందు చోటు బోలెడు. వీపు తలుపుకి ఆనించి ఓరగా కూర్చుని ఆయన కాలు చాపుకుంటారు. అలా చూసుకునే ఆ బండి కొన్నారు. కంపెనీ ఆ మోడలు చెయ్యడం ఎప్పుడో మానేసింది.

గట్టు మీంచి ఇంటికి దిగే వాలులో ఒకరోజు సత్తిబాబు కాలు బ్రేకు మీదే ఉన్నా బండి ఆగలేదు. మా గేటుకి గుద్దుకుని ఆగింది. తాళం నా కొంగుకి చేరింది ఆరోజే. అంబాజీపేట నుంచి మెకానిక్కు మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆ తడి నేల మీదే పడుకుని కిందికి దూరి ఒక రబ్బరు గొట్టం ఊడదీసి నా చేతిలో పెట్టాడు. జానెడు పైన ఉంటుంది. పొలం పని చేసేవాళ్ళ మడమల్లా పగిలిపోయి ఉంది. బ్రేకు తొక్కితే నూనె చక్రానికి చేరేది ఆ గొట్టంలోంచేనట. అలాంటివి మూడున్నాయి. మూడూ అలాగే ఉన్నాయి.

"కొత్తవి తెస్తే గంటలో బిగించేస్తానండి, మామ్మగారూ. తేవడమే కష్టం," అన్నాడు.

సామాను: గుడ్డసంచి, నమూనాకి పాత గొట్టం, గొడుగు, పెరుగన్నం క్యారేజీ, మజ్జిగ సీసా. హోటల్లో తినమని ఎవరి ఆర్డరూ లేదు.

మొదటిరోజు నేనే సత్తిబాబు వెనకాల మోటారు సైకిలెక్కి అమలాపురం వెళ్ళాను. స్పేరు పార్టుల కొట్లన్నీ తిరిగాము. ఏ బండికని అడుగుతారు. చెప్పగానే నవ్వుతారు. ఒకాయన గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెట్టిన బండింకా తిరుగుతోందాండి?" అన్నాడు. తిరగట్లేదు, అందుకే వచ్చానన్నాను. ఆయన నవ్వు ఆపి కుర్చీ వేశాడు. గొట్టం మాత్రం లేదు.

ఆ తర్వాత సత్తిబాబు ఒక్కడే వెళ్ళేవాడు. నేను ఆయన దగ్గరుండాలి. ఫోనులో కబుర్లొద్దు, వైర్‌లెస్సులా ఉండాలని ఆయన ఆర్డరు.

"రాజోలండి. లేదండి."

"సరే. మలికిపురం చూడు."

"ఆయ్."

మలికిపురంలో లేదు. రావులపాలెంలో ఒకటి దొరికింది కానీ అది వేరే వ్యానుది, పొట్టిది. స్టీరింగు పూర్తిగా తిప్పితే లాగి తెగిపోతుందని మెకానిక్కు తీసుకోలేదు. రాజమండ్రిలో పాత బళ్ళు విప్పి అమ్మే చోటికి కూడా పంపాను. మా బండి లాంటివే రెండున్నాయట. వాటి గొట్టాలూ మా వాటి ఈడువే.

"అన్నీ పగిలిపోయేయండి అత్తయ్య గారూ," అన్నాడు. వెనకాల వాన చప్పుడు వినిపిస్తోంది.

"అన్నం తిన్నావా?"

"లేదండి."

"తిని రా."

ఈలోగా ఆయన్ని తీసుకెళ్ళడం ఆగదు కదా. ఒక విడతకి అద్దె కారు పిలిచాము. ఈ కొత్త కార్లలో ముందు సీటు దగ్గర ఆ కాలు పట్టలేదు. వెనక సీటులో అడ్డంగా పడుకోబెట్టాము. అంబాజీపేట దాటేసరికి పెదాలు నల్లబడ్డాయి. నేను ఆయన్ని చంటిబిడ్డలా ఎత్తి ఒళ్ళో ఆనించుకుని అమలాపురం చేర్చాను. తర్వాతి విడతకి ఆ కారు కూడా దొరకలేదు. శ్రావణం ముహూర్తాలు. చుట్టుపక్కల కార్లన్నీ పెళ్ళిళ్ళకి పోయాయి. అంబులెన్సు అడిగితే స్ట్రెచరు మీద పడుకునే వెళ్ళాలన్నారు. మిగిలింది ఆటో. ఆటోలో కూర్చోవచ్చు, కాలు మాత్రం బయటికి ఉంటుంది.

"నా కాలు బయట వేలాడేసుకుని ఊళ్ళోంచి పోను," అన్నారాయన. "కొబ్బరికాయల లోడు కాదు నేను."

అలా ఒక విడత తప్పింది. పాదాలు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయేది. పడక కుర్చీలోనే నిటారుగా కూర్చుని కునికేవారు. నేను పక్కన చాప మీద పడుకుని ఆ ఊపిరి వినేదాన్ని. ఎగువ నుంచి నీరు ఇంకా వస్తోందని రేడియోలో చెబుతున్నారు. ఆయన ఒంట్లో నీటి మట్టం ఎవరు చెబుతారు?

మా మనవరాలు ఫోనులో వెతికి ఎక్కడో పై ఊళ్ళో గొట్టాలున్నాయని తెప్పించింది. బొమ్మలో అచ్చం అలాగే ఉన్నాయి. పొట్లం వచ్చాక ఆయన వాసన చూసి, ఇది కొత్త రబ్బరేనన్నారు. చాలా రోజులకి మీసం సర్దుకున్నారు. మెకానిక్కు కిందికి దూరాడు. మర రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. పాత బండి మర వేరు, దీని మర వేరు.

"బలంగా తిప్పితే దిగుద్దండి. రేపు గట్టిగా తొక్కినప్పుడు ఊడొచ్చేత్తది. నేను చెయ్యలేనండి మామ్మగారూ."

ఆయన పడక కుర్చీలోంచి అంతా విన్నారు. మెకానిక్కు వెళ్ళేదాకా ఆగి నన్ను పిలిచారు.

"ఏమే. స్టోర్సులో చూడు."

ఆయన ట్రంకు పెట్టెని స్టోర్సంటారు. అందులో చెయ్యి పెట్టే హక్కు ఇన్నేళ్ళలో నాకు లేదు.

"అందులో ఏముందండి?"

"ఒక సెట్టు దాచేను. బండి కొన్నప్పుడే." ఊపిరి తీసుకున్నారు. "స్పేరు లేకుండా బండి కొంటానేంటే నేను? ఇప్పుడే జ్ఞాపకం వచ్చింది. అడుగున ఉంటాయి, ఊరగాయ సీసాలో. పాడవ్వకుండా పెట్టేను."

నిజం చెప్పాలంటే ఆ నిమిషం నేను దేవుడికి దండం కూడా పెట్టాను. పెట్టె తెరిచాను. బూట్లు. టోపీ. గొంగళి. దాని కింద పాతగుడ్డ చుట్టిన గాజు సీసా. మూత చుట్టూ మైనం.

మూత తియ్యగానే వాసన వచ్చింది. కొబ్బరినూనె. సీసా నిండా. నూనె పసుపురంగుకి తిరిగింది. అందులో మూడు గొట్టాలు, చుట్టుకుని ఉన్నాయి.

మా వైపు కొబ్బరినూనె రాయనిది ఏముంది? తలకి రాస్తాం, పసిపిల్లల ఒంటికి రాస్తాం, తలుపు బందులకి, కత్తిపీటకి, చెప్పులకి కూడా రాస్తాం. ఎండకి పగలకుండా, తుప్పు పట్టకుండా. ఆయన రబ్బరుకీ అదే చేశారు. ఎండిపోకూడదని నూనెలో ముంచి పెట్టారు.

ఒకటి పైకి తీశాను. చేపలా చేతిలోంచి జారింది. పాత గొట్టానికి ఒకటిన్నర ఇంతలు లావుంది. బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. అలాగే ఉండిపోయింది.

మెకానిక్కుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నొక్కితే గుంట పడిందాండి?"

"పడింది."

"ఇక అది దేనికీ రాదండి, మామ్మగారూ. ఆ రబ్బరుకి బ్రేకు నూనె తప్ప ఇంకో నూనె పడదండి. తొక్కితే పగిలిపోద్ది."

ఫోను పెట్టేశాను. ఆయన నా మొహమే చూస్తున్నారు.

"ఏవన్నాడు?"

"పనికిరావన్నాడండి. రబ్బరుకి కొబ్బరినూనె పడదంట."

ఆయన సీసా అందుకున్నారు. దీపం వెలుగుకి ఎత్తి చూశారు.

"బూట్లకి రాసేవోళ్ళం," అన్నారు. "బూట్లు బాగానే ఉండేవి."

సీసా నాకు తిరిగిచ్చేశారు. చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. షెడ్డులో బండి ముందు భాగం అక్కణ్ణుంచి కనిపిస్తుంది. తర్వాత నా వైపు చూడకుండానే అన్నారు.

"పొద్దున్నకి ఆటో చెప్పు."

గొట్టాలు పారేశాను. నూనె పారెయ్యలేదు, తలుపు బందులకి పనికొస్తుంది.

తెల్లవారుజామున సత్తిబాబు ఎవరి దగ్గరో ఆటో అడిగి తెచ్చాడు. సన్నగా చినుకు పడుతోంది. ఇద్దరం పట్టుకుని ఆయన్ని ఎక్కించాము. వీపుకి దన్నుగా కుడిపక్క నేను కూర్చున్నాను. ఆయన ఓరగా నా మీదకి ఆనుకున్నారు. బిగుసుకున్న కాలు ఎడమ పక్కనుంచి మోకాలి దాకా బయటికి వచ్చింది. ఉబ్బిన పాదానికి చెప్పు పట్టలేదు.

సత్తిబాబు అటు చూసి ఆగిపోయాడు. సీటు కింద వెతికి ఒక ఎర్రగుడ్డ ముక్క తీశాడు. వెదుళ్ళు, ఇనప ఊచలు వేసుకెళ్ళేటప్పుడు చివర కట్టేది.

"మావయ్య గారూ, ఏమీ అనుకోకండి. వెనకొచ్చేవోడికి కనపడాలి కదండీ."

ఆయన కాలి వంకే చూస్తున్నారు.

"కట్టు," అన్నారు.

సత్తిబాబు కాలి బొటనవేలికి కట్టాడు. ఆటో గట్టెక్కింది. గన్నవరం సెంటర్లో టీ కొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నారు. అంబాజీపేట దాకా ఆ గుడ్డ గాలికి కొట్టుకుంది. తర్వాత వాన పెరిగి తడిసి వేలికి అంటుకుపోయింది. దాని కొస నుంచి నీళ్ళు రోడ్డు మీద పడుతూ ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ నాకు కనిపించేది అదే. ఆయన మొహం కాదు.

మిషను మీద పెట్టారు. రక్తం కడిగారు. అలాగే తిరిగొచ్చాము. ఆయన్ని పడక కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద కూర్చుని ఆ ముడి నేనే విప్పాను. గుడ్డ ఉతికి వసారాలో తీగ మీద ఆరేశాను. ఎల్లుండి మళ్ళీ కావాలి.