పాముకి ఆది తీసిన సుబ్బులు

అదే చెబుతున్నాను కదండీ, పాముకైనా ఇల్లు ఒంటికి సరిపోవాలి. నవ్వితే నవ్వండి. అమెరికాలోని చాండ్లర్‌లో జాకెట్లు కుట్టే సుబ్బులు కూడా మొదట నవ్వింది.

2009లో ఆమె మనవరాలు ఇషా పుట్టినరోజుకని చిన్న పామును కొనిపించుకుంది. అల్లుడు సిద్ధార్థ్ దానికి నాలుగడుగుల అద్దాల ఇల్లు తెచ్చాడు.

"చిన్నది కొంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు అత్తయ్యా?"

"గృహప్రవేశానికి ఎంతమందిని పిలుస్తున్నావు బాబూ?" అంది సుబ్బులు.

ఐదు వారాలైనా పాము ఏమీ ముట్టలేదు. ఆదివారంలోగా తినకపోతే షాపులో రిటర్న్ చేసేద్దామన్నాడు సిద్ధార్థ్. ఇషా కళ్లనిండా నీళ్లు.

"అది వెళ్తే నేను కూడా ఫుడ్ తినను, అమ్మమ్మా."

సుబ్బులుకి పామంటే భయమే. అయినా ఆ మధ్యాహ్నం దాని అద్దాల ఇంటి ముందు కూర్చుంది. బయట ఎండకి వీధంతా నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతోంది. అంత పెద్ద ఇంట్లో పాము ఓ మూలకి ఒదిగి, తలని తన చుట్టల్లోనే దాచుకుంది. అచ్చం తనలాగే. ఈ దేశం వచ్చిన కొత్తలో కూతురూ అల్లుడూ ఇచ్చిన పెద్ద గదిలో ఆమెకి నిద్రే పట్టేది కాదు. గోడలు ఎక్కడో దూరంగా, నడి ఏట్లో పడవ మీద పడుకున్నట్టుండేది. చివరికి బట్టలు పెట్టుకునే గదిలో, కుట్టుమిషన్ పక్కన, చీరల అంచులు మొహానికి తగులుతుంటే హాయిగా నిద్రపోయింది. ఇప్పటికీ అక్కడే పడుకుంటుంది.

"వదులు జాకెట్టు వేసుకుని ఎవరైనా పెళ్లికెళ్తారటే? దీనికి ఆది తీయాలి."

"స్నేక్‌కి మెజర్‌మెంటా? అమ్మమ్మా, యూ ఆర్ క్రేజీ!"

అద్దం బయటి నుంచే, చుట్టుకుని ఉన్న పాముకి టేపు పట్టింది. ఆ కొలతకి ఓ అట్టపెట్టె వెతికి, పక్కన గుండ్రంగా గుమ్మం కోసింది. ఇషా దాన్ని లోపల బోర్లించింది. చీకటి పడే వేళకి పాము, సూదిలోకి దారం ఎక్కినట్టు, అందులోకి జారిపోయింది.

శనివారం సాయంత్రం ఇషా ఎలుకపిల్లని పటకారుతో ఆ గుమ్మం ముందు పట్టుకుంది. సుబ్బులు అప్పుడే సంచీ తీసుకుని బయల్దేరుతోంది. జాకెట్టు కుట్టమని ఇచ్చిన జానకీదేవిగారు పెళ్లికెళ్లాలి, అది ఏడింటికల్లా అందాలి.

"ష్! ఒక్క మినిట్ కూర్చో, అమ్మమ్మా."

కూర్చుంది. గుమ్మంలోంచి తల వచ్చింది. ఎలుకని అందుకుంది, మెల్లగా లోపలికి లాక్కుపోయింది. ఇషా చప్పుడు చేయకుండా అమ్మమ్మ మెడ చుట్టేసింది.

ఫోన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. కిటికీలో నారింజ వెలుగు ఊదాగా మారింది. సుబ్బులు ఆ అట్టపెట్టెనే చూస్తూ కూర్చుంది. జానకీదేవిగారి జాకెట్టు సంచీలో, ఆమె ఒళ్లోనే ఉంది.